నది పేరు నది

పోయిన సెమ్ హాలిడేస్‌లో ఒక స్ట్రాటజీ గేమ్ ఆడుతూ రాత్రుళ్ళు పాడుచేసుకున్నాను. రోమన్ల కాలం నాటి బ్రిటన్ మ్యాప్ అది. ఉత్తరం వైపు ‘ఎబొరాకుమ్’ అని ఒక కోట ఉంటుంది. దాన్ని మూడుసార్లు శత్రువుకి అప్పజెప్పాక, ఇంతకీ ఇది ఇప్పుడు ఎక్కడుందో చూద్దామని వెతికాను. అది యార్క్ అట. న్యూయార్క్‌లో ఉన్న ఆ యార్క్.

ఎబొరాకుమ్ ఎక్కడ, యార్క్ ఎక్కడ? ఆ డౌట్ తీర్చుకుందామని మొదలుపెట్టి నెల రోజులు చదివాను. నేను హిస్టరీ స్టూడెంట్‌ని కాదు, సీఎస్ఈ వాణ్ణి. పదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియమే. కాబట్టి నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను, తప్పులుంటే క్లబ్ వాళ్ళు సరిచేస్తారు.

ముందు యార్క్ వెర్షన్ హిస్టరీ చూద్దాం. క్రీ.శ. 71లో రోమన్లు అక్కడ కోట కట్టారు. కానీ పేరు మాత్రం కొత్తగా పెట్టలేదు. అక్కడి జనం పిలిచే పేరుకే లాటిన్ తోక తగిలించారు. ఆ జనం భాషలో ‘ఎబురోస్’ అంటే యూ చెట్టు. ఇంగ్లండ్‌లో పాత చర్చిల పక్కన ఏడాదంతా పచ్చగా కనిపించే చెట్టు అది. రోమన్లు వెళ్ళిపోయాక సముద్రం దాటి ఆంగ్లో-సాక్సన్లు వచ్చారు. అంటే ఇప్పటి ఇంగ్లీషు భాషకి ముత్తాతలు. వాళ్ళకి ‘ఎబోర్’ అర్థం కాలేదు. అర్థం కాకపోతే మనం ఏం చేస్తాం? మనకి తెలిసిన మాటలా వింటాం. వాళ్ళ భాషలో ‘ఎయొవొర్’ అంటే అడవిపంది, ‘విక్’ అంటే ఊరులాంటి చోటు. అలా చెట్టు పందైపోయి ‘ఎయొవొర్‌విక్’ వచ్చింది. 866లో వైకింగులు ఊరు పట్టుకున్నారు. వాళ్ళ నోట్లో అది ‘యోర్విక్’. అరిగి అరిగి యార్క్. 1664లో ఇంగ్లీషు వాళ్ళు అమెరికాలో డచ్చి వాళ్ళ ఊరు ఒకటి లాక్కుని, డ్యూక్ ఆఫ్ యార్క్ పేరు మీద న్యూయార్క్ అన్నారు.

అంటే నాలుగు భాషల చేతులు మారినా లోపల ఆ పాత చెట్టు పేరే ఉంది. మరి ఆ చెట్టుకి మొదట పేరు పెట్టిన వాళ్ళు ఎవరు?

పుస్తకం లేని భాష

రోమన్లు వచ్చేనాటికి బ్రిటన్‌లో చాలా భాగం మాట్లాడిన భాషని ఇప్పుడు బ్రిటోనిక్ అంటున్నారు. ఇది కెల్టిక్ కుటుంబంలోది. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ భాషలో ఒక్క పుస్తకం లేదు, ఒక్క కథ లేదు. బాత్ అనే ఊళ్ళో వేడినీళ్ళ బుగ్గ దగ్గర సులిస్ అనే దేవతకి జనం సీసం రేకుల మీద శాపాలు రాసి వేసేవాళ్ళు. ‘నా బట్టలు ఎత్తుకుపోయినవాడికి నిద్ర పట్టకూడదు’ లాంటివి. అలాంటి రేకులు సుమారు 130 దొరికాయి. దాదాపు అన్నీ లాటిన్‌లోనే. ఒకటి రెండు మాత్రం లాటిన్ కావు, బహుశా అవి బ్రిటోనిక్ కావచ్చు అంటారు.

మరి ఆ భాష గురించి ఇంత ఎలా చెప్పగలుగుతున్నారు? పేర్ల వల్ల. సర్వర్ క్రాష్ అయి డేటాబేస్ అంతా పోయి, లాగ్ ఫైల్ ఒకటి మిగిలిందనుకోండి. ఆ లాగ్‌లో ఉన్న పేర్లు చూసి లోపల ఏముండేదో ఊహించుకుంటూ వెనక్కి వెళ్ళాలి. వీళ్ళు చేసింది అదే.

ఆ లాగ్‌లో మొదటి లైన్ క్రీ.పూ. నాలుగో శతాబ్దం చివరిది. ఇప్పటి ఫ్రాన్స్‌లోని మార్సే నుంచి పితియాస్ అనే గ్రీకు నావికుడు ఆ వైపు వెళ్ళాడు. అతను రాసిన పుస్తకం పోయింది కానీ, అందులోని పేర్లు వేరే రచయితల దగ్గర మిగిలాయి. ‘ప్రెట్టానికె’ అన్న పేరు అలాంటిదే. వెల్ష్ భాషలో ఇప్పటికీ ఆ దీవి పేరు ‘ప్రిడైన్’. మనం అనే బ్రిటన్ కూడా అక్కడిదే. ఆ తర్వాత క్రీ.పూ. 55, 54లో జూలియస్ సీజర్ వచ్చి కాంటియుమ్ అని ఒక ప్రాంతం గురించి రాశాడు. అదే ఇప్పటి కెంట్. తర్వాత నాణేలు. కునొబెలినుస్ అనే రాజు క్రీ.శ. మొదటి శతాబ్దం మొదట్లో కొట్టించిన నాణేల మీద ఒకవైపు ‘కునొ’ అని, ఇంకోవైపు ‘కాము’ అని ఉంటుంది. ‘కాము’ అంటే కాములొడూనుమ్, అతని రాజధాని. కాములోస్ అనే దేవుడి కోట అని అర్థం. ఇప్పటి కోల్చెస్టర్ అది.

ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. వీళ్ళెవరూ తమని తాము కెల్ట్‌లు అనుకోలేదు. గ్రీకులు, రోమన్లు కూడా యూరప్ నేల మీద ఉన్నవాళ్ళనే కెల్ట్‌లు అన్నారు, బ్రిటన్ వాళ్ళని కాదు. ఈ లేబుల్ చాలా తర్వాత వచ్చింది. దాన్ని గట్టిగా నిలబెట్టినవాడు ఎడ్వర్డ్ ల్విడ్. ఆక్స్‌ఫర్డ్‌లో అష్మోలియన్ మ్యూజియం చూసుకునేవాడు. ఆ దీవులన్నీ తిరిగి మాటలు పోగుచేసి 1707లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. వెల్ష్, కార్నిష్, బ్రెటన్, ఐరిష్, స్కాటిష్ గేలిక్, వీటన్నిటి మాటలు పక్కపక్కన పెట్టి, ఇవి ఒకే ఇంటివి అని చూపించాడు.

ఇలాంటి పనే తర్వాత మన భాషకీ జరిగింది. 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే అధికారి తెలుగు, తమిళ, కన్నడ మాటలు పక్కపక్కన పెట్టి, ఇవి సంస్కృతంలోంచి పుట్టినవి కావు, వేరే కుటుంబం అని రాశాడు. అది అచ్చయింది క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటలో.

ప పోయింది, ప వచ్చింది

మాటలు పక్కపక్కన పెట్టడం అంటే ఒకేలా వినిపించేవి ఏరడం కాదు. అసలు కిటుకు, తేడా కూడా ఒక రూల్ ప్రకారం రావాలి. మన హాస్టల్లో కన్నడ ఫ్రెండ్ ఉంటే అడిగి చూడండి. మన పాలు వాళ్ళకి హాలు. పులి అంటే హులి. పువ్వు అంటే హూవు. పేరు అంటే హెసరు. ఒకసారి జరిగితే యాదృచ్ఛికం, ప్రతిసారీ జరిగితే ఫంక్షన్.

కెల్టిక్‌లో కూడా ‘ప’ మీదే గొడవంతా. మొదట కెల్టిక్ భాషలన్నిటిలో పాత ‘ప’ మాయమైపోయింది. సంస్కృతంలో పితృ, లాటిన్‌లో పాతెర్, ఐరిష్‌లో మాత్రం ‘ఆహిర్’. సంస్కృతంలో పూర్ణ, లాటిన్‌లో ప్లేనుస్, ఐరిష్‌లో ‘లాన్’. మొదటి ‘ప’ ఎగిరిపోయింది చూడండి.

తర్వాత రెండో అప్‌డేట్. పాత భాషలో ‘క్వ’ అనే ధ్వని ఉండేది. లాటిన్‌లో నాలుగుని క్వాట్టువోర్, ఐదుని క్వింక్వె అనడంలో అది కనిపిస్తుంది. ఈ ‘క్వ’ని ఐర్లండ్ వైపు వాళ్ళు ‘క’ చేశారు. బ్రిటన్ వైపు వాళ్ళు ‘ప’ చేశారు. అందుకే వెల్ష్‌లో నాలుగు ‘పెద్వార్’, ఐరిష్‌లో ‘క్యాహిర్’. ఐదు అక్కడ ‘పింప్’, ఇక్కడ ‘కూగ్’. తల అక్కడ ‘పెన్’, ఇక్కడ ‘క్యాన్’. ఐర్లండ్‌లో ఒగమ్ అనే గీతల లిపితో చెక్కిన పాత రాళ్ళున్నాయి. వాటి మీద ఫలానావాడి కొడుకు అనడానికి ‘మక్వి’ అని రాసి ఉంటుంది. అంటే ‘క్వ’ ఇంకా మారకముందు తీసిన స్క్రీన్‌షాట్ లాంటిదన్నమాట.

ఆ ‘మక్వి’ తర్వాత ఐరిష్‌లో ‘మాక్’ అయింది, వెల్ష్‌లో ‘మాబ్’ అయింది. రెండింటికీ అర్థం కొడుకు. మెక్‌గ్రాత్, మెకల్లమ్ అని క్రికెట్‌లో వింటాం కదా, ఆ ‘మెక్’ ఇదే. వెల్ష్ ‘మాబ్’ అరిగిపోయి ‘ఆప్’ అయింది. ‘ఆప్ హవెల్’, అంటే హవెల్ కొడుకు. గబగబా అనండి: పావెల్. ‘ఆప్ రీస్’ నుంచి ప్రైస్. ‘అబ్ ఓవెన్’ నుంచి బోవెన్.

నాకు బాగా నచ్చిన పేరు ఇంకోటి. కునొబెలినుస్ అని చెప్పాను కదా. ‘కునొ’ అంటే వేటకుక్క. సంస్కృతంలో శ్వన్, మనం వాడే శునకం, దీనికి చుట్టాలే. అతని కొడుకు కరాటకుస్. రోమన్ల మీద ఏళ్ళ తరబడి పోరాడాడు. కార్టిమాండువా అనే రాణి అతన్ని పట్టి రోమన్లకి అప్పగిస్తే, క్రీ.శ. 51లో రోమ్‌కి తీసుకెళ్ళారు. అక్కడ చక్రవర్తి క్లాడియుస్ ముందు నిలబడి అతను మాట్లాడిన తీరుకి ప్రాణాలతో వదిలేశారని టాసిటుస్ రాశాడు. అతని పేరులో ఉన్నది ‘ప్రేమ’ అనే మాట. వెల్ష్‌లో ప్రేమించడం అంటే ఇప్పటికీ ‘కారి’. ఆ పేరే వెల్ష్‌లో కారడోగ్ అయింది, ఐరిష్‌లో కార్హాక్ అయింది. కార్హాక్ కొడుకు వంశం వాళ్ళని ఇంగ్లీషులో మెకార్థీ అన్నారు.

మెకార్థీ! లిస్ప్ రాసిన జాన్ మెకార్థీ, ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అనే మాటని పుట్టించినవాళ్ళలో ఒకడు. మన సిలబస్‌లో ఉన్న ఆ పేరులో రోమన్లతో కొట్లాడిన ఒక రాజు పేరే కూర్చుని ఉంది.

ఎప్పుడొచ్చింది?

ఈ భాష బ్రిటన్‌కి ఎప్పుడొచ్చింది అన్నది ఇంకా తేలని గొడవే. పాత పుస్తకాల్లో, ఇనుప యుగంలో మధ్య యూరప్ నుంచి కెల్ట్‌లు దండెత్తి వచ్చారని ఉండేది. తవ్వకాల్లో అంత పెద్ద దండయాత్ర గుర్తులు దొరక్కపోవడంతో ఆ కథ బలహీనపడింది. 2022లో నేచర్ పత్రికలో సుమారు 800 మంది పాతకాలపు మనుషుల డీఎన్ఏ మీద ఒక పేపర్ వచ్చింది. దాని ప్రకారం క్రీ.పూ. 1000 నుంచి 875 మధ్య యూరప్ వైపు నుంచి దక్షిణ బ్రిటన్‌కి చాలామంది వచ్చారు. ఇనుప యుగం నాటికి ఇంగ్లండ్, వేల్స్ జనం పూర్వీకుల్లో దాదాపు సగం వీళ్ళ వైపు వాళ్ళే. కెల్టిక్ వీళ్ళతోనే వచ్చి ఉండొచ్చని ఆ పేపర్ రాసినవాళ్ళ ఆలోచన. కానీ ఎముకలు మాట్లాడవు. డీఎన్ఏ చూసి మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పొచ్చు, ఇంట్లో ఏ భాష మాట్లాడాడో చెప్పలేం.

ఇక్కడే ఒక జాగ్రత్త. లండన్‌లో పారే థేమ్స్ పాత పేరు టామెసిస్. దీన్ని మన ‘తమస్’తో, అంటే చీకటితో, కొందరు పండితులు ముడిపెట్టారు. మన రామాయణంలో తమసా నది కూడా ఉంది కాబట్టి ఇది వాట్సాప్‌లో పడితే ఎలా మారుతుందో మీరే ఊహించుకోండి. ఆ ఊహ నిజమే అయినా, దాని అర్థం ఇక్కడివాళ్ళు అక్కడికెళ్ళి పేరు పెట్టారని కాదు. సంస్కృతం, కెల్టిక్ రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబంలోవి, కజిన్స్. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లకి ఒకే మూలం ఉండి ఉంటుందన్నప్పుడు కెల్టిక్‌ని కూడా ఆ లిస్టులో చేర్చాడు. ఇద్దరు కజిన్స్‌కి తాత పోలిక వస్తే, ఒకరు ఇంకొకరికి తండ్రి అయిపోరు కదా.

కొండ కొండ కొండ

రోమన్ల పాలన క్రీ.శ. 410 ప్రాంతంలో ముగిసింది. ఆ తర్వాత ఆంగ్లో-సాక్సన్లు తూర్పు తీరం నుంచి లోపలికి వచ్చారు. కొన్ని వందల ఏళ్ళలో ఇంగ్లండ్ చాలావరకు ఇంగ్లీషు మాట్లాడే చోటు అయిపోయింది. విచిత్రం ఏంటంటే, అంతకాలం పక్కపక్కన బతికినా ఇంగ్లీషులోకి వెళ్ళిన బ్రిటోనిక్ మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ నదుల పేర్లు మాత్రం ఉండిపోయాయి.

ఏవన్ అనే నది తెలుసు కదా. షేక్స్‌పియర్ పుట్టిన ఊరు దాని ఒడ్డునే ఉంది. కానీ బ్రిస్టల్ దగ్గర సముద్రంలో కలిసేది ఇంకో ఏవన్. స్టోన్‌హెంజ్ దగ్గర్లో పారేది మరో ఏవన్. ఎందుకిన్ని? బ్రిటోనిక్‌లో ‘అబొనా’ అంటే నది. అంతే. కొత్తగా వచ్చినవాడు నీళ్ళవైపు చెయ్యి చూపించి ఇదేంటి అని అడిగాడనుకోండి. పాతవాడు నది అన్నాడు. కొత్తవాడు ఓహో దీని పేరు ‘నది’ అన్నమాట అనుకున్నాడు. అందుకే ‘రివర్ ఏవన్’ అంటే ‘నది నది’. మనం ఏటీఎం మెషీన్, పిన్ నంబర్ అంటాం చూడండి, అలాగ. డోవర్ రేవు పేరు కూడా అంతే, ‘నీళ్ళు’ అనే మాట అది.

లాంకషైర్‌లో పెండిల్ హిల్ ఇంకా ఘోరం. ‘పెన్’ అంటే పాత భాషలో కొండ తల. దానికి తర్వాతివాళ్ళు తమ ‘హిల్’ తగిలించారు. అది నలిగి పెండిల్ అయ్యాక అందులో హిల్ ఉందని మర్చిపోయి ఇంకో హిల్ పెట్టారు. కొండ కొండ కొండ. ఒక్కో ‘కొండ’ వెనక అర్థం మర్చిపోయిన ఒక తరం ఉంది.

1953లో కెన్నెత్ జాక్సన్ అనే పండితుడు ఈ నదుల పేర్లని మ్యాప్ మీద పెట్టాడు. తూర్పున పెద్ద నదులకి మాత్రమే కెల్టిక్ పేర్లున్నాయి. పడమటికి వెళ్ళేకొద్దీ మామూలు నదులకీ ఉన్నాయి. ఇంకా వెళ్తే చిన్న చిన్న వాగులకి కూడా. ఇది చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. పెద్ద నది పేరు దారినపోయేవాడికి కూడా తెలుస్తుంది. చిన్న వాగు పేరు తెలియాలంటే, ఆ ఊళ్ళో పుట్టినవాడి పక్కన కూర్చుని తెలుసుకోవాలి. అంటే తూర్పున కొత్తవాళ్ళు పాతవాళ్ళ భాష త్వరగా మాపేశారు. పడమట ఇద్దరూ చాలాకాలం కలిసి బతికారు. రాసిపెట్టినవాళ్ళు లేని చరిత్రని వాగులు చెప్తున్నాయి.

ఎవరు పరాయి?

మిగిలిన బ్రిటోనిక్ భాష పడమటి వైపు సర్దుకుని, మాటల చివర్లు రాల్చుకుని వెల్ష్, కార్నిష్ అయింది. సముద్రం దాటి ఫ్రాన్స్‌కి వలస వెళ్ళినవాళ్ళతో బ్రెటన్ అయింది. కునొబెలినుస్ కాస్తా కెన్‌వెలిన్ అయ్యాడు.

‘వెల్ష్’ అనే మాట ఇంగ్లీషు వాళ్ళు పెట్టింది. పాత ఇంగ్లీషులో ‘వెయల్ఖ్’ అంటే పరాయివాడు. వాల్‌నట్‌లో ఉన్నది కూడా ఆ మాటే, పరదేశపు కాయ అని. ఆలోచించండి. వందల ఏళ్ళుగా అక్కడే ఉన్నవాణ్ణి, నిన్నగాక మొన్న పడవ దిగినవాడు పరాయివాడు అన్నాడు. అదే ప్రపంచమంతా వాడే పేరు అయిపోయింది. వాళ్ళు తమని మాత్రం ‘కమ్రి’ అనుకుంటారు. ‘కొమ్‌బ్రోగి’ అనే పాత మాటలోంచి వచ్చింది. ఒకే నేల వాళ్ళం అని అర్థం.

పంతొమ్మిదో శతాబ్దంలో వేల్స్‌లోని చాలా స్కూళ్ళలో ‘వెల్ష్ నాట్’ అని ఒక చెక్కముక్క ఉండేది. వెల్ష్‌లో మాట్లాడిన పిల్లాడి మెడలో వేసేవాళ్ళు. ఇంకెవరైనా వెల్ష్ మాట్లాడితే వాడి మెడలోకి మారేది. చివరికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. ఇది చదివి నేను కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను. మా స్కూల్లో చెక్కముక్క లేదు. తెలుగులో మాట్లాడితే ఐదు రూపాయల ఫైన్ ఉండేది. పేర్లు రాసే లీడర్‌ని నేనే. ఐదో తరగతిలో మా బెంచ్‌మేట్ పేరు ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు. వాడు నాతో మాట్లాడినందుకే రాశాను. వాడు అడిగింది నీళ్ళ బాటిల్.

1911లో వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్ళు సుమారు 9 లక్షల 77 వేలు, జనాభాలో 43 శాతం పైన. 2021 లెక్కల్లో 5 లక్షల 38 వేలు, 17.8 శాతం. తగ్గింది, కానీ పోలేదు. ఇప్పుడు అక్కడ అది అధికార భాష, స్కూళ్ళలో చెప్తారు. 2022లో స్నోడోనియా నేషనల్ పార్క్ వాళ్ళు ఇక నుంచి తమ పార్క్‌ని ‘ఎరరి’ అని, స్నోడన్ కొండని ‘అర్ విద్వా’ అని వెల్ష్ పేర్లతోనే పిలవాలని నిర్ణయించారు. వెల్ష్‌లో యార్క్ ఇప్పటికీ ‘ఎవ్రోగ్’. న్యూయార్క్ ‘ఎవ్రోగ్ నెవిద్’. ఆ ‘నెవిద్’ మన నవ్యకి కజిన్.

మొదలుపెట్టినప్పుడు నేను అనుకున్నది, భాష పోయినా పేర్లు మిగులుతాయి, ఎంత గొప్పో కదా అని. ఇప్పుడు అలా అనిపించట్లేదు. ఇంగ్లండ్‌లో ఏవన్ ఒడ్డున ఉండే పిల్లాడికి ఏవన్ ఒక శబ్దం మాత్రమే. ఎన్నో తరాలుగా ఆ నదిని ‘నది’ అని పిలుస్తున్నారు, పిలుస్తున్నట్టు తెలియదు. వేల్స్‌లో పిల్లాడికి అదే మాట, ‘అవొన్’, ఇప్పటికీ నది. వాళ్ళ అమ్మ అవొన్ దగ్గరికి వెళ్ళకు, లోతుంది అని అరుస్తుంది. రెండు చోట్లా మాట ఒకటే. ఒక చోట బోర్డు మీద మిగిలింది, ఇంకో చోట నోట్లో మిగిలింది.

పోయిన వారం ఆ పాత బెంచ్‌మేట్‌కి ఫోన్ చేశాను. ఫైన్ సంగతి గుర్తుందా అని అడిగితే నవ్వాడు. మొత్తం ఎంత బాకీ ఉన్నావో లెక్కేసి పంపు అన్నాడు. ఈ ఆర్టికల్ లింక్ పంపుతున్నాను, వడ్డీ కింద.